ఇల్లు కట్టు విద్య – పంచాయతీల కర్తవ్యము



ఈ దినము మేము మీ ముందుంచదలచిన విషయము ఇల్లు కట్టు విద్య. ఏ గ్రామమునందైనను పంచాయతీ చేతిమీదుగా ఏటేట ఏదో యొక కట్టడము లేచుచునే యుండును. ఒక యేట పాఠశాలకు గది, మరొక యేట మురుగు కాలువ, వేరొక యేట అంగన్‌వాడీ భవనమో, కల్వర్టో. సొమ్ము మంజూరైనదా, పని ఎవరికి అప్పగింపబడినది, ఎప్పుడు ముగియును అను ప్రశ్నలు సమావేశములలో విరివిగా వినవచ్చును. ఈ పని చేయు చేతులు ఎచ్చట నేర్చుకొన్నవి, కొలతలు చూచు కన్ను ఎచ్చట చదువుకొన్నది అను ప్రశ్న మాత్రము అరుదుగా వినబడును. కప్పు కురిసిన పిదపనో, గోడ బీటవారిన పిదపనో ఆ ప్రశ్న పుట్టును. అప్పటికి బిల్లు చెల్లింపబడి యుండును.

ఇది విద్యాశాఖవారు చూచుకొనవలసిన విషయమని, పంచాయతీలకు దీనితో పనిలేదని కొందరు తలంపవచ్చును. 1992లో చేసిన 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. దానిద్వారా చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో, రాష్ట్రములు పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములు పేర్కొనబడినవి. అందు గ్రామీణ గృహనిర్మాణము ఒకటి. సాంకేతిక శిక్షణ, వృత్తివిద్య మరొకటి. సామాజిక ఆస్తుల పోషణ ఇంకొకటి. ఈ మూడును కలియు చోటనే ఇల్లు కట్టు విద్య యున్నది. కావున దీనిని గూర్చి విచారించుట పంచాయతీకి పరాయి పని కాదు.

ముందుగా ఈ విద్యకు ఎన్ని మెట్లున్నవో చూతము. మొదటిది చేతిపని మెట్టు. ఐ.టి.ఐ. అని మనము పిలుచు పారిశ్రామిక శిక్షణ సంస్థలలో తాపీపని, గొట్టముల పని, వడ్రంగము, విద్యుత్తు పని మొదలైనవి నేర్పుదురు. తాపీపని శిక్షణ ఒక సంవత్సరము. ఎనిమిదవ తరగతి ముగించినవారును ఇందు చేరవచ్చును. రెండవది గీత, కొలతల మెట్టు. పదవ తరగతి ముగించినవారు ఐ.టి.ఐ.లో రెండేండ్లు చదివి సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ కావచ్చును. లేదా పాలిసెట్ పరీక్ష వ్రాసి, పాలిటెక్నిక్కులో మూడేండ్ల సివిల్ ఇంజనీరింగు డిప్లొమా చదువవచ్చును. మూడవది రూపకల్పన మెట్టు. ఇది ఇంజనీరింగు పట్టభద్రులది, వాస్తుశిల్పులది. ఆర్కిటెక్టు అను పేరు ఎవరు పడిన వారు పెట్టుకొనుటకు వీలులేదు. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టము ప్రకారము అయిదేండ్ల పట్టవిద్య వంటి గుర్తింపు పొందిన చదువు ముగించి, కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ వద్ద నమోదైనవారికే ఆ పేరు చెల్లును. ఆ చదువు చెప్పు కేంద్ర విద్యాలయము 2008లో విజయవాడలో స్థాపింపబడినది.

ఈ మెట్లు విడివిడిగా నిలిచిన బండలు కావు. ఒకదానినుండి మరొకదానికి ఎక్కు దారి యున్నది. డిప్లొమా ముగించిన విద్యార్థి ఈసెట్ పరీక్షలో నెగ్గినచో ఇంజనీరింగు పట్టవిద్యలో నేరుగా రెండవ సంవత్సరమున చేరవచ్చును. పదునైదేండ్ల ప్రాయమున పాలిటెక్నిక్కుకు వెళ్లిన పేద పిల్లవానికి పెద్ద చదువు తలుపు మూసికొనిపోవునను భయము అక్కరలేదు.

ఇంటికి దగ్గరగా, తక్కువ ఖర్చుతో, పనికివచ్చు చదువు చెప్పవలెనను తలంపు ఇతర దేశములలోను బలపడినదే. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రమున జోలియట్ పట్టణమందు 1901లో రెండేండ్ల చదువుతో ఒక ప్రభుత్వ కళాశాల మొదలైనది. 1947లో ఆ దేశాధ్యక్షుడు ట్రూమన్ నియమించిన సంఘము అట్టి విద్యాలయములను దేశమంతట నెలకొల్పవలెనని చెప్పి, వానికి కమ్యూనిటీ కళాశాలలను పేరును ప్రచారమునకు తెచ్చినది. అచ్చట పగలు పనిచేసికొనువారు సాయంకాలము వచ్చి గృహనిర్మాణము, పటములు గీయుట, కొలతలు నేర్చుకొందురు. కోరినవారు తరువాత విశ్వవిద్యాలయమునకు మారుదురు. మన దేశమున విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు 2013లో కమ్యూనిటీ కళాశాలల పథకమును ఆరంభించిరి. ఐనను మన గ్రామములకు ఈ పని ఎక్కువగా చేయుచున్నవి పాలిటెక్నిక్కులును, ఐ.టి.ఐ.లునే. 1998లో హైదరాబాదున ఏర్పడిన జాతీయ నిర్మాణ అకాడమీ నిర్మాణరంగపు పనివారికి శిక్షణ నిచ్చుటకే పుట్టిన సంస్థ.

ఇక చదువుకొన్నవానికి, చదువనివానికి భేదమెచ్చట కనబడునో ఒక ఉదాహరణతో చెప్పెదము. మీ గ్రామమున పాఠశాలకు ఒక గది కట్టుచున్నారనుకొందము. గది పొడవు 6 మీటర్లు, వెడల్పు 5 మీటర్లు. శ్లాబు మందము 15 సెంటీమీటర్లు. ఈ మూడింటిని హెచ్చవేసిన 4.5 ఘనమీటర్లు వచ్చును. సిమెంటు ఒక పాలు, ఇసుక ఒకటిన్నర పాలు, కంకర మూడు పాళ్లు చొప్పున కలిపినచో ఘనమీటరు కాంక్రీటునకు సుమారు 8 బస్తాల సిమెంటు పట్టును. అనగా ఈ కప్పునకు సుమారు 36 బస్తాలు కావలెను. లెక్కలో 50 బస్తాలు చూపినచో పంచాయతీ సొమ్ము పోయినది. పనిలో 25 బస్తాలే పడినచో పిల్లల ప్రాణము ప్రమాదములో పడినది. ఈ లెక్క పాలిటెక్నిక్కు విద్యార్థికి కష్టమైనది కాదు. అది తెలిసిన యువతియో, యువకుడో గ్రామమున ఒక్కరున్నను సభ్యులు అడుగవలసిన ప్రశ్న అడుగగలుగుదురు.

సిమెంటు సరిగా పడినంత మాత్రమున పని ముగియలేదు. నీరు ఎంత పోయవలెనను దానిలో గొప్ప మర్మమున్నది. మన దేశపు ప్రమాణము ప్రకారము ఇనుము వేసిన కాంక్రీటులో నీటి బరువు సిమెంటు బరువులో నూటికి 55 పాళ్లు మించరాదు. 50 కిలోల బస్తాకు ఇది 27 లీటర్ల పైచిలుకు. అనగా పదునైదు లీటర్ల బకెట్టుతో రెండు బకెట్లకు తక్కువే. ఇసుకలోని తడి కూడ ఇందులో చేరినదే. కాంక్రీటు సులువుగా జారవలెనని పనివారు మరి రెండు బకెట్లు పోయుట మనము చూచుచునే యున్నాము. అధికమైన నీరు తరువాత ఆవిరియై పోవును. అది నిలిచిన చోట సన్నని రంధ్రములు మిగులును. కాంక్రీటు బలము తగ్గును. ఆ రంధ్రముల వెంట తేమ పోయి చువ్వలకు త్రుప్పు పట్టించును. పనివాని యందు దురుద్దేశము లేదు. అతనికి ఆ సంగతి చెప్పినవారు లేరు.

చువ్వల క్రింద విడువవలసిన మందమును గూర్చియు ఇట్లే చెప్పవచ్చును. శ్లాబులో చువ్వకు వెలుపల కనీసము 20 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండవలెను. సముద్రపు గాలి తగులు తీరగ్రామములలో అంతకు రెట్టింపునకు మించి కావలెను. ఇందుకై సిమెంటుతో చేసిన చిన్న బిళ్లలను చువ్వల క్రింద ఉంచుట పద్ధతి. అవి లేనిచోట చువ్వ సెంట్రింగు పలకమీదనే పడుకొనును. కొన్ని యేండ్లకు కప్పు అడుగున పెచ్చులూడి, త్రుప్పు పట్టిన ఇనుము బయటపడును. ఎన్నో పాఠశాలలలో, ఆస్పత్రులలో తలయెత్తి చూచినచో ఈ దృశ్యము కనబడును. కొన్ని బిళ్లలు లేకపోయినందున ఒక భవనపు ఆయుర్దాయము ఎంతో తరిగిపోయినది.

కాంక్రీటు పోసిన పిదప దానిని తడిగా ఉంచుట మరియొక సంగతి. సాధారణ పోర్ట్‌లండ్ సిమెంటుతో పోసినదానిని కనీసము 7 దినములు, బూడిద కలిసిన సిమెంటుతో పోసినదానిని, ఎండలు మండు కాలమున పోసినదానిని కనీసము 10 దినములు తడుపవలెను. సిమెంటు ఎండి గట్టిపడునని చాలమంది నమ్మకము. అది సరికాదు, సిమెంటు నీటితో కలిసి మారుట చేతనే గట్టిపడును. నీరు ముందుగా ఆరిపోయినచో ఆ మార్పు సగములో నిలిచిపోవును. ఊతములు తీయుటకును గడువున్నది. పైన చెప్పిన గదికి పొట్టి వైపు 5 మీటర్లు. ఈ దూరము నాలుగున్నర మీటర్లకు మించినది గావున, సాధారణ సిమెంటునకు సైతము ఊతములు 14 దినములు ఉంచవలెను. అద్దె పలకలు త్వరగా తిరిగి ఇచ్చివేయవలెనను తొందరలో ఈ గడువు తరచుగా దాటవేయబడుచుండును.

ఇటుక మంచిదా, కాదా అను పరీక్షకు ప్రయోగశాల కూడ అక్కరలేదు. ఆరిన ఇటుకను తూచి, ఒక పగలు, ఒక రాత్రి నీటిలో నానబెట్టి, మరల తూచవలెను. బరువు నూటికి 20 పాళ్లకు మించి పెరుగరాదు. మూడు కిలోల ఇటుక మూడు కిలోల ఆరువందల గ్రాములు దాటినచో అది గోడకు పనికిరాదు. కాంక్రీటునకు మాత్రము ప్రయోగశాల కావలెను. పోయునప్పుడే 15 సెంటీమీటర్ల ఘనపు అచ్చులలో కొంత తీసి, నీటిలో నుంచి, 28వ దినమున యంత్రముతో నొక్కి బలము చూతురు. ఈ పరీక్షలన్నియు పాలిటెక్నిక్కు విద్యార్థులు తమ ప్రయోగశాలలలో స్వహస్తములతో చేయుదురు.

ఇంతవరకు చెప్పినదానివలన మా గ్రామపు మేస్త్రీలకు ఏమియు తెలియదను అర్థము స్ఫురింపరాదు. మేస్త్రీ చేతిలోని నేర్పు ఏ గ్రంథమునందును దొరకదు. తాపీ ఎట్లు పట్టవలెనో, మాలు ఏ పదునున ఉన్నదో, దారము, గుండు పట్టుకొని గోడ నిటారుగా ఎట్లు తీయవలెనో అతనికి తెలిసినంతగా పట్టభద్రునకు తెలియదు. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగినది. 1967లో కాలువలకు నీరు విడువబడినది. సుమారు 124 మీటర్ల ఎత్తున నిలిచిన ఆ ఆనకట్ట నడిమి భాగము రాతి కట్టుబడి. రాయిపై రాయి పేర్చి దానిని నిలిపినది వేలాది పనివారి చేతులు. ఆ చేతులకు లెక్క తోడైనది. లెక్కకు చేతులు తోడైనవి. ఏ ఒక్కటి లేకున్నను అది లేచెడిది కాదు.

ధవళేశ్వరము కథయు ఇట్టిదే. 1847 మొదలు 1852 వరకు గోదావరిపై ఆనకట్ట కట్టినప్పుడు కాటన్ దొరవారి పేరు లోకమెరిగినది. ఆయన క్రింద ఉద్యోగియై పనివారిని సమకూర్చి, పని నడిపించిన వీణెం వీరన్న గారి పేరు గోదావరి తీరమువారు ఇప్పటికిని స్మరించుచున్నారు. దొరవారి పటమును అర్థము చేసికొని, కూలివాని భాషలో చెప్పగలిగినవాడు మధ్యను ఒకడుండవలెను. నేటి గ్రామములలో కొరతగా నున్నది ఆ నడిమి మెట్టే. పైన ఇంజనీరు ఉన్నాడు. అతడు అనేక గ్రామముల పనులు చూడవలసినవాడు. క్రింద పనివాడు ఉన్నాడు. ఇద్దరి నడుమ దినమంతయు పనివద్ద నిలిచి, పటము చదివి, కొలత పట్టి చూపువాడు కావలెను. 2019లో ఆంధ్రప్రదేశమున గ్రామ సచివాలయములు ఏర్పడినపుడు ఇంజనీరింగు అసిస్టెంటు అను ఉద్యోగము సృష్టింపబడుట ఈ కొరతను గుర్తించుటయే. ఆ ఉద్యోగమునకు సివిల్ డిప్లొమా చదివినవారు సైతము అర్హులైరి.

చదువు ఖర్చును పెంచునని, చదివినవాడు సిమెంటు కట్టడములే కట్టించునని అనుకొనువారును కలరు. నిజమైన చదువు ఖర్చును తగ్గించును. ఇంగ్లండున పుట్టి కేరళమున స్థిరపడిన వాస్తుశిల్పి లారీ బేకర్ గారు ఇటుకలను నిలువుగా పేర్చి, గోడ నడుమ బోలు విడుచు ఎలుకబోను కట్టుబడిని ప్రచారము చేసిరి. దానివలన ఇటుకలలో సుమారు నాలుగవ వంతు ఆదా యగును. నడుమనున్న గాలి వేడిని అడ్డగించును. మట్టిగోడ, సున్నపు పూత, మండువా లోగిలి మొదలైన మన పాత పద్ధతులలోని మంచి ఏదియో, విడువవలసినది ఏదియో విడదీసి చెప్పగలుగుట కూడ ఈ విద్యలోని భాగమే.

ఇక తల్లిదండ్రుల సంశయములను గూర్చి రెండు మాటలు. పిల్లవాడు ఇప్పుడే పనికి పోయిన నాలుగు రూకలు తెచ్చును. చదువునకు పంపిన ఆ కూలి పోవునని వారందురు. ఆ మాటను తేలికగా త్రోసివేయరాదు. పేద ఇంట ఆ కూలియే పొయ్యి వెలిగించునది. ఐనను పదునేడవ యేట కాంక్రీటు తట్ట నెత్తికెత్తుకొన్నవాడు నలుబదవ యేట కూడ అదే తట్ట మోయుచుండుట మనము చూచుచున్నాము. నడుము వంగినది, కూలి మాత్రము పెద్దగా పెరుగలేదు. అతని ప్రక్కనే టేపు పట్టుకొని నిలిచినవాడు అంతకంటె తెలివిగలవాడు కానక్కరలేదు. అతనిని ఎవరో ఒకరు సకాలమున బడికి పంపిరి, భేదమంతయు అంతే.

ఇప్పటికే పనిలో దిగినవారికి దారి లేకపోలేదు. 2016లో ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస యోజన క్రింద గ్రామములలో ఇండ్లు కట్టుచునే 45 దినములు తాపీపని నేర్చి, పరీక్షలో నెగ్గి ధ్రువపత్రము పొందు ఏర్పాటు చేయబడినది. 1961 నాటి అప్రెంటిసుల చట్టము క్రింద శిక్షణ పొందువారికి భత్యము కలదు. ఇట్టి అవకాశములు ఎప్పుడు, ఎచ్చట వచ్చునో కనుగొని చాటించుట పంచాయతీ చేయదగిన పని.

ఆడపిల్లకు ఇది తగదను మాటయు వినబడుచున్నది. కట్టడములవద్ద ఇటుకలు, ఇసుక మోయునది తరతరములుగా ఆడవారే. మోయుటకు తగినది, గీయుటకు, కొలుచుటకు తగకపోవునా? పటములు గీయుట, అంచనాలు కట్టుట, పరీక్షలు చేయుట వారు చక్కగా నిర్వహింపగలరు. మహిళా సభ్యులు ఈ విషయమున ముందడుగు వేయవలెనని మా కోరిక. వంటయింట పొగ ఎటు పోవలెనో, స్నానపు గది ఎచ్చట ఉండవలెనో, పాఠశాలలో బాలికలకు మరుగు ఎట్లు కల్పింపవలెనో వారికి తెలిసినంతగా మరి యెవరికి తెలియును?

ఇవన్నియు ఆలోచించి పంచాయతీలు చేయదగిన పనులను కొన్నింటిని సూచింతుము. మొదటిది, పదవ తరగతి చదువుచున్న పిల్లల పట్టికను ప్రధానోపాధ్యాయులవద్ద తెచ్చుకొని, పాలిసెట్, ఐ.టి.ఐ. ప్రకటనలు వెలువడగనే వారి ఇండ్లకు కబురు చేయవలెను. దరఖాస్తు గడువు దాటినందున ఒక సంవత్సరము పోగొట్టుకొను పిల్లలు గ్రామములలో తక్కువమంది కారు. రెండవది, చేరబోవు సంస్థకు ప్రభుత్వపు గుర్తింపు ఉన్నదో లేదో ముందుగా విచారింపవలెను. గుర్తింపు లేని చోట చదివిన కాగితము ఉద్యోగమునకు, పై చదువునకు పనికిరాదు. మూడవది, గ్రామమున జరుగు ప్రతి కట్టడపు అంచనా ప్రతి, పటము ప్రతి పంచాయతీ కార్యాలయమున ఉంచి, కోరినవారికి చూపవలెను. నాలుగవది, ఇంజనీరు అనుమతితో సమీపపు పాలిటెక్నిక్కు విద్యార్థులను ఆ కట్టడమువద్దకు పిలిపించి, కొలతలు పట్టించి, కాంక్రీటు అచ్చులు తీయించవలెను. వారికి చదువు కలిగినట్లగును; మనకు కాపలా కలిగినట్లగును. అయిదవది, శ్లాబు పోసిన నాటినుండి తడుపు దినములను ఒక పలకమీద వ్రాసి పెట్టి, దినమునకొక సభ్యుడు చొప్పున వెళ్లి చూడవలెను. దీనికి ఏ నిధులును అక్కరలేదు.

1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై పడిన తుపాను, ఉప్పెన వేలాదిమందిని పొట్టనబెట్టుకొన్నవి. నిలిచిన గట్టి కప్పు ఏదైనను ఉన్నచోట మనుష్యులు దానిని ఆశ్రయించి బ్రతికిరి. ఆ పిదప తీరమున తుపాను ఆశ్రయములు కట్టబడినవి. అట్టి రాత్రి వచ్చినప్పుడు ఊరిజనము పరుగెత్తి చేరునది పాఠశాలకో, పంచాయతీ భవనమునకో. ఆ కప్పులో పడిన సిమెంటెంత, నీరెంత, దానిని ఎన్ని దినములు తడిపిరి అను సంగతులు ఆ రాత్రి తేలును. అప్పుడు తెలిసికొని ప్రయోజనము లేదు.

కావున సభ్యులారా, మీ రాబోవు సమావేశపు కార్యక్రమములో రెండంశములు చేర్చుడు. ఇప్పుడు గ్రామమున కట్టుచున్న పనికి కొలత చూచువారెవరు అనునది మొదటిది. వచ్చు సంవత్సరము మన ఊరినుండి ఈ విద్య నేర్వబోవు పిల్లలెవరు అనునది రెండవది. ఈ రెండు ప్రశ్నలకును పేర్లతో జవాబు వ్రాసికొన్న పంచాయతీ, తన ఊరి గోడలకు గట్టి పునాది వేసినదని మేము చెప్పగలము.